వేళచ్చేరి వంతెన మీద పార్కింగ్ దీపాలు

ఉదయం ఆరు గంటలు. సన్నటి తుంపర. వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కారు తలుపు తీసి, కూర్చుని, తాళం తిప్పాను. లోపలెక్కడో టకటకమని చప్పుడు వచ్చింది గానీ ఇంజను కదలలేదు. మీటరు దీపాలు ఒకసారి నీరసంగా కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాయి. రెండోసారి తిప్పితే ఆ చప్పుడు కూడా లేదు.

2024 అక్టోబరు నడిమి వారం సంగతి ఇది. చెన్నైకి భారీ వర్షాల హెచ్చరిక రాగానే వేళచ్చేరి, మడిపాక్కం జనమంతా కార్లు తెచ్చి వంతెన మీద వరసగా నిలబెట్టారు. పత్రికల్లో ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ వరసలో మాదీ ఒకటి. దూరాన ఉన్నవాళ్లు చూసి నవ్వుకున్నారు గానీ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నీళ్లు చూసినవాళ్లు ఎవరూ నవ్వలేదు. అప్పుడు మా అపార్టుమెంటు కింద నీళ్లు కారు బంపరు దాటి వచ్చాయి. ఇంజను బతికింది. కార్పెట్ల వాసన మాత్రం సంక్రాంతి దాటినా వదల్లేదు. అందుకే ఈసారి హెచ్చరిక వినగానే, ఎవరేమనుకున్నా సరేనని, రాత్రి ఎనిమిదింటికి కారును వంతెన ఎక్కించాను.

పెట్టి వచ్చేస్తే సరిపోయేది. కానీ దిగబోతూ ఉండగా ఒక భయం పట్టుకుంది. వీధి దీపాలున్నా ఆ వానలో ఎంత కనిపిస్తుంది? వెనక నుంచి ఏ వ్యానో వచ్చి గుద్దితే? స్టీరింగు పక్కన కాడను ఒక మెట్టు తిప్పి పార్కింగ్ దీపాలు వేశాను. తలుపు తీయగానే కారు కీచుమంటూ గోల పెట్టింది. తెలుసులే అని తలుపు మూశాను. పార్కింగ్ దీపమంటే ఆపి ఉంచిన బండి కోసమే కదా, పేరులోనే ఉంది. ఆ పేరును నమ్మి పది గంటలు వెలగనిచ్చాను.

నేను లెక్కలు చూసి బతికే మనిషిని. చిన్న చిన్న వ్యాపారుల ఖాతాలు సరిచూడటం, జీఎస్‌టీ కాగితాలు దాఖలు చేయడం నా పని. రాత్రి వేయాల్సిన లెక్కను తెల్లారాక వంతెన పిట్టగోడకు ఆనుకుని వేశాను. ముందు రెండు బల్బులు, ఒక్కొక్కటి 5 వాట్లు. వెనక రెండు, అవీ ఐదేసి. నంబరు ప్లేటు మీద ఒకటి, 5. మీటరు వెనక వెలిగే చిన్నవన్నీ కలిపి 3 అనుకుందాం. మొత్తం 28 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 2.3 ఆంపియర్లు. పది గంటలకు 23 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ మీద రాసి ఉన్నది 35. అదైనా కొత్తలో మాట, దానికి అప్పటికే నాలుగేళ్లు. ముప్పై ఐదులో ఇరవై మూడు పోతే పన్నెండు మిగలాలి కదా అంటారేమో. బ్యాటరీ బ్యాంకు ఖాతా లాంటిది కాదు, చివరి రూపాయి దాకా తీసుకోనివ్వదు. స్టార్టరు మోటారు ఒక్క క్షణం తిరగడానికే వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ క్షణంలో కుంగిపోతే మిగిలింది ఎంత ఉన్నా దండగే.

నాలుగు కార్ల అవతల ఒక పెద్దాయన డిక్కీలోంచి జంపర్ కేబుళ్లు తీశారు. తమిళంలో ఒకే ఒక మాట అడిగారు, దీపాలు వేసి వెళ్లారా అని. ఎర్ర తీగ రెండు బ్యాటరీల ప్లస్‌లకు, నల్ల తీగ ఒక కొన ఆయన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొన మా ఇంజను మీద రంగులేని ఇనుప ముక్కకు తగిలించారు. ఈ చివరిదాన్ని నేరుగా మా బ్యాటరీకి తగిలిస్తే అక్కడ నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండవచ్చు, అందుకని దూరంగా పెట్టాలట. ఐదు నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఇంజను లేచింది. కాఫీకి రమ్మంటే నవ్వి, ఇంకో రెండు కార్లు ఉన్నాయమ్మా అన్నారు. దీపాలు వేసి వెళ్లిన తెలివైనదాన్ని నేనొక్కదాన్నే కాదన్నమాట. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంటికి వచ్చి గోడకు ఎదురుగా ఆపినప్పుడు ఇంకొకటి గమనించాను. కుడివైపు దీపం గోడ మీద పసుపు వృత్తం వేస్తోంది. ఎడమవైపుది కునికిపాట్లు పడుతోంది, ఆరిపోవడానికి ముందు ఆముదపు దీపంలా.

ఆ సాయంత్రమే నాన్నకు ఫోను చేశాను. నాన్నది గూడూరు. అభ్రకం గనుల నుంచి లారీలు తోలి, తర్వాత ఒక సొంత లారీ కొని, దాన్ని పదహారేళ్లు నడిపిన మనిషి. ఇప్పుడు 78. వినికిడి తగ్గింది గానీ బండి మాట అయితే అన్నీ వినిపిస్తాయి.

“ఎల్‌ఈడీ బల్బులు వేయిద్దామనుకుంటున్నాను నాన్నా. కరెంటు పదో వంతు కూడా తాగవట.”

“వేయించు. మంచిదే. ఎడమది మసకగా ఉందన్నావే, దాని సంగతి?”

“బల్బు పాతదై ఉంటుంది. ఎలాగూ మారుస్తాను కదా.”

“బల్బు పాతదైతే ఆరిపోతుందమ్మా, ఇంతగా మసకబారదు. ఎర్త్ చూడు.”

ఎర్త్ అంటే కరెంటు బల్బు నుంచి కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. సరేనన్నాను. చూడలేదు. చూసి ఉంటే ఈ కథ సగం నిడివే ఉండేది.

వేళచ్చేరిలో లోకల్ రైలెక్కి చింతాద్రిపేటలో దిగితే మన పనులన్నీ నడకదూరంలోనే. ఎలక్ట్రానిక్ సామాన్లకు రిచ్చీ స్ట్రీట్, పాత బండ్ల విడిభాగాలకు పుదుపేట, కార్ల అలంకారాలకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు. ఆ పేరు పూర్తిగా ఎవరూ అనరు, జీపీ రోడ్డు అంటే చాలు. సీటు కవర్లు, హారన్లు, అద్దాలకు వేసే ఫిల్ములు కుప్పలుగా పోసి ఉన్న ఒక దుకాణంలో చిత్తూరు వైపు కుర్రాడు దొరికాడు. పాత బల్బు చూపించాను. పెసరకాయ గింజంత కాదు గానీ చిటికెన వేలి చివరంత ఉంటుంది. లోహపు టోపీ ఉండదు. గాజునే అడుగున పలచగా నొక్కి, రెండు సన్నటి తీగలను అటూ ఇటూ మడిచి వదిలేస్తారు. దుకాణాల్లో దీన్ని టీ10 అంటారు, బల్బు మీద మాత్రం డబ్ల్యూ5డబ్ల్యూ అని ఉంటుంది. దాదాపు 50 ల్యూమెన్ల వెలుగు. అంతకంటే పెద్ద ఆశలు దానికి లేవు.

“ఐస్ బ్లూ పెట్టండి అక్కా. రాత్రిపూట చూస్తే కొత్త మోడల్ అనుకుంటారు.”

“నీలం వద్దయ్యా. ముందు దీపం తెల్లగా ఉండాలని నిబంధన.”

“ఎవరు పట్టుకుంటారక్కా?”

పట్టుకోవడం గురించి నేను బతుకంతా వింటున్న ప్రశ్నే అది. మా క్లయింట్లు కూడా అదే అడుగుతారు. తెల్లవి ఇమ్మన్నాను. జత 80 రూపాయలు. గల్లా పక్కన పెట్టుకున్న బ్యాటరీకి తగిలించి చూపించాడు, కళ్లు జిగేలుమన్నాయి. ఇండికేటర్లకు కూడా ఎల్‌ఈడీలు వేసుకొమ్మని బతిమాలాడు గానీ దానికి ఒప్పుకోలేదు. మా కారు లాంటి పాత వాటిలో ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ రిలే కరెంటు ఎంత పోతోందో చూసుకుంటుంది. తక్కువ పోతే ఒక బల్బు మాడిందనుకుని టపటపా రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. దాన్ని మోసం చేయడానికి మళ్లీ రెసిస్టర్లు కట్టాలి. ఆదా చేసిన కరెంటంతా ఆ రెసిస్టర్లలో వేడిగా పోతుంది. ఇంత దానికి ఎందుకు?

ఆదివారం పొద్దున కింద స్టిల్ట్ పార్కింగ్‌లో పని మొదలుపెట్టాను. కుడివైపు రెండు నిమిషాలు పట్టింది. బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టి, చిన్న హోల్డరును గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు వంతు తిప్పితే ఊడి చేతికొస్తుంది. బల్బును నేరుగా లాగి, కొత్తది నేరుగా గుచ్చాలి. తీగ కోయక్కరలేదు, టేపు చుట్టక్కరలేదు. ఇది నాకు నచ్చిన సంగతి. నచ్చకపోతే పాతది మళ్లీ గుచ్చుకోవచ్చు.

గుచ్చాను. వెలగలేదు. మా ఆయన పైనుంచి దిగివచ్చి, కాఫీ కప్పు పట్టుకుని, “ఎనభై రూపాయలకు అంతే వస్తుంది” అన్నారు. ఎల్‌ఈడీకి ప్లస్సూ మైనస్సూ ఉంటాయని, మామూలు బల్బుకు ఆ పట్టింపు లేదని నాకు పదో తరగతిలోనే చెప్పారు. గుర్తు రావడానికి ఆ కాఫీ కప్పు కావలసి వచ్చింది. ఊడదీసి, అటుది ఇటు తిప్పి పెట్టాను. వెలిగింది. ఆయన ఏమీ అనకుండా పైకి వెళ్లిపోయారు. గెలిచినప్పుడు మాట్లాడకుండా వెళ్లిపోవడం ఆయన పద్ధతి, ఓడినా అదే.

ఎడమవైపు అరగంట తిన్నది. బ్యాటరీ అడ్డం. వేళ్లు దూరతాయి గానీ మణికట్టు తిరగదు. బ్యాటరీ బిగింపు విప్పి కొంచెం వెనక్కి జరిపాకే హోల్డరు అందింది. దాన్ని బయటికి లాగినప్పుడు రాగి రేకుల మీద ఆకుపచ్చ పొడి కనిపించింది. చూశాను. గుడ్డతో తుడిచేశాను. కొత్త బల్బు గుచ్చితే పాలలాంటి తెల్లటి వెలుగు. మసక లేదు, కునికిపాటు లేదు. నాన్నకు ఫోను చేసి, బల్బే నాన్నా అని గొప్పగా చెప్పాను. “ఊఁ” అన్నాడు. ఆ ఊఁ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ రాత్రి ఎదురుగా నిలబడి చూస్తే ఉత్సాహం సగం దిగింది. పాత బల్బులో తీగ మధ్యలో ఉంటుంది, వెలుగు అన్ని వైపులా పోయి రిఫ్లెక్టరు గిన్నె మొత్తం నిండుతుంది. నేను తెచ్చిన ఎల్‌ఈడీ బిళ్ల ముఖం ముందుకే. గిన్నెకు వెలుగు తగలడమే లేదు. దూరం నుంచి చూస్తే దీపంలా కాదు, చీకట్లో ఎవరో సూదిమొన పట్టుకుని నిలబడినట్టుంది. నేరుగా ఎదుట నిలబడితే కన్ను పొడుస్తుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే ఉందో లేదో తెలియదు. పైగా దాని పక్కనే హాలోజెన్ హెడ్‌లైటు పసుపుపచ్చగా వెలుగుతోంది. తెల్లచీర మీద పసుపు మరకలాగా, లేదా పసుపుచీర మీద సున్నం మరకలాగా. మా అబ్బాయి చూసి, “అమ్మా, కారుకు రెండు రకాల కళ్లద్దాలు పెట్టావు” అన్నాడు.

సరే, అందంతో మనకేం పని అనుకున్నాను. మూడు వారాలకు కుడివైపుది చచ్చిపోయింది. ఎడమవైపుది స్పీడుబ్రేకరు ఎక్కినప్పుడల్లా రెప్పలు కొట్టడం మొదలుపెట్టింది. రెండూ ఒకే జబ్బు అనుకున్నాను, కాదు. రెండూ వేరు.

కుడివైపు చావు లెక్క సులభం. ఊడదీసి భూతద్దంలో చూస్తే, మూడు ఎల్‌ఈడీలు వరసగా, వాటి పక్కన 150 ఓములు అని రాసిన ఒక్క బుడ్డ రెసిస్టరు. మధ్యలో ఇంకే సర్క్యూటూ లేదు. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కొక్కటి దాదాపు 3.1 వోల్టులు తీసుకుంటుంది, మూడు కలిస్తే 9.3. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 అనుకుంటే మిగిలిన 3.3 వోల్టులు రెసిస్టరు మీద పడతాయి, 22 మిల్లీఆంపియర్లు పోతాయి. దుకాణంలో గల్లా పక్క బ్యాటరీ మీద అలాగే వెలిగింది. కారు నడుస్తున్నప్పుడు ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు 14.4 దాకా ఇస్తుంది. ఇప్పుడు రెసిస్టరు మీద 5.1, అంటే 34 మిల్లీఆంపియర్లు. వోల్టేజి ఏడో వంతు పెరిగితే కరెంటు సగానికి సగం పెరిగింది. దానికి తోడు అదే గిన్నెలో పక్కన 55 వాట్ల హాలోజెన్ కూర్చుని సెగ పెడుతోంది. ఎల్‌ఈడీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు. ఆ 80 రూపాయల ప్రాణి మూడు వారాలు బతకడమే గొప్ప.

ఎడమవైపు కోసం రిచ్చీ స్ట్రీట్‌లో 450 పెట్టి ఒక మల్టీమీటరు కొన్నాను. బల్బు తీసేసి హోల్డరులో కొలిస్తే 12.4. నిక్షేపంలా ఉంది. అప్పుడు మళ్లీ నాన్నకే ఫోను.

“బల్బు పెట్టి కొలిచావా, తీసి కొలిచావా?”

“తీసి.”

“పంపు తిప్పకుండా పైపులో నీళ్లున్నాయా అని చూస్తే ఉన్నట్టే ఉంటాయి. పాత బల్బు పెట్టి, వెలిగించి, అప్పుడు చూడు.”

పాత బల్బు పెట్టి చూస్తే 9.6. మిగిలిన 2.8 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగను హోల్డరు ఎర్త్ రేకు మీద పెట్టమన్నాడు. అక్కడ సున్నా ఉండాలి, ఏ 0.1 అయినా పరవాలేదు. నాకు రెండున్నర చూపించింది. అంటే కరెంటు బల్బు దాకా బాగానే వస్తోంది, తిరిగి వెళ్లే దారిలోనే ముళ్లకంప పడి ఉంది. తీగ పట్టుకుని వెతుక్కుంటూ పోతే బ్యాటరీ పళ్లెం కింద, బాడీకి బిగించిన 10 మిల్లీమీటర్ల బోల్టు. తుప్పు పట్టి బెల్లం ముక్కలా ఉంది. ఏ నీళ్లు తగిలి అలా అయిందో ఎవరికీ చెప్పక్కరలేదు, 2023 డిసెంబరు నుంచీ అక్కడే కూర్చుని ఉంది.

నేను ఎల్‌ఈడీ పెట్టగానే మసక ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది. పాత బల్బు 0.4 ఆంపియర్లు లాగుతుంది, ఆ తుప్పు మీద రెండున్నర వోల్టులు పోగొట్టుకుంటుంది. ఎల్‌ఈడీకి అందులో ఇరవయ్యో వంతు చాలు, కాబట్టి తుప్పు దానికి పెద్దగా అడ్డు రాదు. రోగం అలాగే ఉంది, రోగి మూలగడం మానేశాడు. నెమ్మదిగా బోల్టు వదులైపోయి, కుదుపు తగిలినప్పుడల్లా తెగి కలుస్తూ ఉంటే అది రెప్పలు కొట్టింది. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, హోల్డరు రేకులను 220 రూపాయల కాంటాక్టు క్లీనరుతో కడిగి, పైన సన్నగా వేజిలీన్ రాసి బిగించాను. మళ్లీ కొలిస్తే 0.05. ఈసారి నాన్నకు నేను ఫోను చేయలేదు. ఆయనే చేశాడు. “ఎర్త్ ఏనా?” అన్నాడు. “ఎర్త్ ఏ” అన్నాను. వెంటనే వాళ్ల వీధిలో ఎవరింటి పెళ్లి గురించో మాట్లాడాడు, నా పరువు కాపాడటానికి.

రెండోసారి జీపీ రోడ్డుకు వెళ్లినప్పుడు ఏమి కావాలో నాకు తెలుసు. వెలుగు చుట్టూ అన్ని వైపులా పోయేది కావాలి. లోపల కరెంటును అదుపులో పెట్టే చిన్న సర్క్యూటు ఉండాలి. 6000 కెల్విన్ల సున్నం తెలుపు కాకుండా 4300 దగ్గరి, కాస్త పసుపు కలిసిన తెలుపు కావాలి. అదే కుర్రాడు, ఈసారి ఐస్ బ్లూ ఊసెత్తలేదు. జత 500. అటు పెట్టినా ఇటు పెట్టినా వెలిగేది ఇచ్చాడు, లోపల బ్రిడ్జ్ రెక్టిఫయరు ఉంటుంది. మా ఆయన కాఫీతో దిగివచ్చే అవకాశం పోయింది.

ముందు దీపాలతో ఆగితే నా అసలు పని సగం కూడా కాదు. వంతెన మీద వెనక నుంచి వచ్చేవాడికి కనపడాల్సింది వెనక దీపాలు. వాటిలో ఉన్నవి రెండు తీగల బల్బులు, వెనక దీపానికి 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది, ఒకే గాజులో. బల్బు పక్కన రెండు మేకులు ఎత్తూ పల్లంగా ఉంటాయి, తిరగేసి పెట్టడం కుదరదు. ఇక్కడ కూడా మొదట పొదుపుకు పోయి 160 పెట్టి తెల్ల ఎల్‌ఈడీలు తెచ్చాను. పైన ఎర్ర గాజు ఉంది కదా, తెలుపు ఎర్రగా మారుతుందిలే అని. తెల్ల ఎల్‌ఈడీలో నిజంగా ఉండేది నీలం ఎల్‌ఈడీ, దాని మీద పూసిన పసుపు ఫాస్ఫరు. ఆ నీలాన్ని సాధించినందుకే అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. కంటికి తెల్లగా కనిపించినా ఆ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర గాజు ఎరుపును మాత్రమే వదిలి మిగిలినదంతా మింగేస్తుంది. ఫలితం, నీళ్లు కలిపిన రోజా షర్బత్ రంగు. ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి.

అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. మా ఆయనను బ్రేకు తొక్కమని చెప్పి ఇరవై అడుగుల వెనక నిలబడ్డాను.

“తొక్కారా?”

“తొక్కాను.”

“తొక్కండి!”

“తొక్కి రెండు నిమిషాలైంది.”

తేడా తెలియడం లేదు. పాత బల్బులో ఐదుకూ ఇరవై ఒకటికీ మధ్య నాలుగింతల తేడా. ఈ చవకవాటిలో వెనక దీపం, బ్రేకు దీపం దాదాపు ఒకే వెలుగు. పాత మహాబలిపురం రోడ్డు మీద రాత్రి ఎనిమిదింటికి నేను బ్రేకు వేశానో లేదో వెనకవాడికి తెలియకపోతే ఇక ఏ పొదుపు ఎందుకు? అక్కడికక్కడే పీకేశాను. తర్వాత 700 పెట్టి ఎర్రవి తెచ్చి, చీకటి పడ్డాక మళ్లీ అదే పరీక్ష. ఈసారి ఆయన తొక్కగానే గోడంతా ఎర్రబడింది, వాచ్‌మన్ కూడా తిరిగి చూశాడు. తేడా కళ్లారా చూసేదాకా వెనక బల్బుల జోలికి ఎవరూ వెళ్లకండి, నా మాట వినండి. నంబరు ప్లేటుది 150 రూపాయలతో ఐదు నిమిషాల్లో అయిపోయింది, చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మొత్తం ఎంత తాగుతుందో కొలవాలి కదా. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరును పది ఆంపియర్ల గుంటలో పెట్టి, మా ఆయనను లోపల కూర్చుని దీపాల కాడను ఒక మెట్టు తిప్పమన్నాను. ఆయన కూర్చున్నారు. కూర్చోగానే అలవాటు కొద్దీ తాళం కూడా తిప్పారు. మీటరు లోపల చిన్న టిక్కుమనే చప్పుడు. ఫ్యూజు పోయింది. రిచ్చీ స్ట్రీట్‌లో దాని ధర పది రూపాయలు, రైలు టిక్కెట్టు వేరే. వారం తర్వాత, తాళం నా జేబులో పెట్టుకుని, మళ్లీ కొలిచాను. 0.55 ఆంపియర్లు. అందులో సగం దాకా స్పీడు మీటరు వెనక ఉన్న పాత చిన్న బల్బులవే. వాటికోసం డ్యాష్‌బోర్డు విప్పే ఓపిక నాకు లేదు, ఉండబోదు. పది గంటలకు ఐదున్నర ఆంపియర్ అవర్లు. ఇరవై మూడు ఎక్కడ, ఐదున్నర ఎక్కడ.

నవంబరు చివర ఫెంగల్ తుఫాను వచ్చింది. 30వ తేదీ రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది గానీ వాన మాకు కూడా కావలసినంత పడింది. ముందు రోజు సాయంత్రమే మళ్లీ వంతెన ఎక్కించాము. మళ్లీ కాడను ఒక మెట్టు తిప్పాను, మళ్లీ కారు కీచుమంది. గొడుగు పట్టుకుని వెనక్కి నడుస్తూ మూడుసార్లు తిరిగి చూశాను. వానలో ఎర్రగా రెండు దీపాలు, తడి రోడ్డు మీద వాటి నీడలు. పొద్దున వెళ్లేసరికి అలాగే ఉన్నాయి. మీటరు పెడితే 12.2. తాళం తిప్పితే ఇంజను బద్ధకంగా రెండుసార్లు ఒళ్లు విరుచుకుని లేచింది.

ఆ బద్ధకం చూసే అనుమానం వచ్చింది. డిసెంబరు రెండో వారంలో, వానా లేదు, వంతెనా లేదు, దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి, మా పార్కింగ్‌లోనే పొద్దున తాళం తిప్పితే టకటకటక. నాలుగేళ్ల బ్యాటరీ తన రోజులు పూర్తి చేసుకుంది. కొత్తది 4,100. బిగించిన మనిషి వెళ్లిపోయాక మా ఆయన తీరిగ్గా అడిగారు, “ఇదే అక్టోబరులో కొని ఉంటే సరిపోయేది కదా?”

అంతవరకు అయిన ఖర్చు నా పుస్తకంలో ఉంది. చచ్చిన జత 80, మీటరు 450, కాంటాక్టు క్లీనరు 220, ముందు జత 500, పనికిరాని తెల్లవి 160, ఎర్రవి 700, నంబరు ప్లేటు 150, ఫ్యూజు 10. మొత్తం 2,270. ఆ ఫ్యూజు పది రూపాయలు ఎవరి ఖాతాలో రాశానో ఆయనకు చూపించాను. కొత్త బ్యాటరీ అయినా పాత బల్బులకు రాత్రికి ఇరవై మూడు ఇవ్వాల్సిందే, నెలకోసారి అలా పిండితే అదీ రెండేళ్లకు కుంగుతుంది అని కూడా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పైకి వెళ్లిపోయారు.

పాత బల్బులు పారేయలేదు. నాన్న మాత్రల డబ్బాలో దూది పెట్టి, వాటిని అందులో సర్ది, డ్యాష్‌బోర్డు అరలో ఉంచాను. మొన్న గూడూరు వెళ్లినప్పుడు నాన్న కారు ఎక్కుతూనే ఆ డబ్బా తీసి చూశాడు. హైవే మీద తడ దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు.

“ఆ ఎర్త్ బోల్టు మళ్లీ విప్పి చూశావా?”

“లేదు నాన్నా.”

“వానలు మొదలవకముందు ఒకసారి చూడు.”